గోడలు రోజూ అవే

మార్కాపురం,
12 మార్చి 2025

గాయత్రీ,

ఇరవై రెండేళ్ళుగా నిన్నొక మాట అడగాలని ఉంది. నా పెళ్ళికి మా ఊరొచ్చిన రోజు, మా అమ్మ ఇచ్చిన నీళ్ళు నువ్వెందుకు తాగలేదు?

ఇది లాప్‌టాప్ గురించి రాయాల్సిన ఉత్తరమని నాకు తెలుసు. మొన్న ఫోన్ చేస్తే మీ గిద్దలూరు రిపేరు దుకాణం గోలలోంచి నువ్వే చెప్పినావు. "ఫోన్లో అందరూ 'ఓపెన్ కావట్లేదు' అంటారు, ఇంకో ముక్క చెప్పరు. కాగితం ముందు పెట్టుకుంటే అన్నీ గుర్తొస్తాయి, రాసి పోస్టులో వెయ్యి" అన్నావు. కాగితం ముందు పెట్టుకుంటే మొట్టమొదట గుర్తొచ్చింది ఇదే. కొట్టేద్దామనుకున్నా. హాస్టల్లో నా కొట్టివేతల కింద ఏముందో వెలుతురుకు పట్టి చదివేదానివి నువ్వు. అందుకని ఉంచేసినా.

ఇక లాప్‌టాప్ జబ్బు సంగతి. నేను పనిచేసే జూనియర్ కాలేజీ పోయినేడు మూతబడింది. పోటీ పరీక్షలకు తెలుగు పేపరు చెప్పడానికి ఒక కోచింగ్ సంస్థ వాళ్ళు నన్ను తీసుకున్నారు. ఫిబ్రవరి మూడు నుంచి ఏప్రిల్ ముప్పై దాకా చూస్తారట. బాగుంటే ఏడాదికి రాసిస్తారు, లేకుంటే సెలవు. సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర. అంతా వాళ్ళ వెబ్‌సైట్ మీదే. అరవైమంది పిల్లలు. ఎం.ఏ. చదివి, ఎం.ఫిల్. చేసి, నలభై ఐదేళ్ళకు నన్ను కావాలన్న మొదటి వాళ్ళు వీళ్ళే అనిపిస్తుంది. అట్ల అనుకోకూడదు గాని అనిపిస్తుంది.

మొదటి మూడు వారాలు ఏ బాధా లేదు. ఫిబ్రవరి చివర్లో మొదలైంది. ఒకరోజు శుభ్రంగా నడుస్తుంది. మరోరోజు సైటు సగం తెరుచుకొని గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో బొమ్మ ఆగిపోయి, నా గొంతు ముక్కలు ముక్కలుగా పోతుందని పిల్లలు రాస్తారు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు రెండుసార్లు వచ్చి చూసినాడు. రెండుసార్లూ బ్రహ్మాండంగా పనిచేసింది. "మేడం, మీరే ఏదో నొక్కేసి ఉంటారు" అని నవ్వి పోయినాడు. నొక్కేసినానేమో. ఆ మాట నా తలలోంచి పోవడం లేదు.

మా ఆయన వరప్రసాదం అనుమానం వేరు. సరిగ్గా ఫిబ్రవరిలోనే మా ఎదురింటి ఖాళీ జాగాలో గంగయ్య అనే ఆయన పలకలు కోసే మిషను పెట్టినాడు. అది కరెంటు లాగేస్తుందని, అందుకే నెట్టు కొట్టుకుంటుందని ఈయన పోయి గంగయ్యతో గొడవ పెట్టుకొని వచ్చినాడు. ఇప్పుడు వాళ్ళు వీధిలో ఎదురుపడితే ఇద్దరూ ఆకాశం చూస్తున్నారు.

పోయిన వారం సంస్థ మేనేజరు మెయిలు పెట్టింది. మొదటి హెచ్చరిక అని పైన రాసి మరీ.

ఏం చెయ్యమంటావో చెప్పు.

ఫెబీ


గిద్దలూరు,
17 మార్చి

ఏమే ఫెబీ,

ఉత్తరం రెండుసార్లు చదివినా. లాప్‌టాప్ తీసుకొని బస్సెక్కి వస్తానని అనబోతావు, రావద్దు. అది నా బల్ల మీద లక్షణంగా పనిచేస్తుంది. ఉన్నప్పుడు ఉండి లేనప్పుడు లేని జబ్బు వస్తువులో కంటే ఇంట్లో ఉండేదే ఎక్కువ.

నువ్వు నొక్కి చెడగొట్టలేదు. నొక్కితే చెడిపోయేది రోజూ చెడిపోయే ఉంటుంది, దాని పాటికది బాగవ్వదు. ముందు ఆ భయం తీసెయ్యి. గంగయ్య మిషనూ కాదనుకుంటా. అది కరెంటు లాగితే మీ ఫ్యాన్లు నెమ్మదవ్వాలి, ఫ్యాను సంగతి నువ్వు రాయలేదు. మీ ఆయన్ను కొంచెం ఆగమను.

ఇప్పుడు చెప్పినవి చెయ్యి. జబ్బు చేసిన రోజే చెయ్యాలి, బాగున్న రోజు చేసి ప్రయోజనం లేదు. ఒకటి, క్లాసు సైటు నిలిచిపోయినప్పుడు వేరే సైటు ఏదన్నా తెరువు. అదీ తిరుగుతుంటే తప్పు కోచింగ్ వాళ్ళది కాదు. అప్పుడే, అదే గదిలో, నీ ఫోన్ను కూడా వైఫైకి కలిపి చూడు. ఫోన్లోనూ రాకపోతే తప్పు లాప్‌టాప్‌ది కాదు. ఆ తర్వాత లాప్‌టాప్ ఎత్తుకొని వైఫై బాక్సు పక్కన నిలబడి చూడు. బాక్సు నుంచి వైరు లాగి లాప్‌టాప్‌కి పెట్టే వీలుంటే అదీ చూడు. ఒక్కోసారి ఒక్కటే మార్చు. అన్నీ కలిపి మార్చినావంటే ఏది ఏం చేసిందో నాకు తెలీదు.

బాక్సు ఎక్కడుంది, నువ్వెక్కడ కూర్చుంటావు, బొమ్మ గీసి పంపు. వంకరగా ఉన్నా పర్లేదు, నీ బొమ్మలు నాకు కొత్తవి కాదు.

గాయత్రి


మార్కాపురం,
29 మార్చి

గాయత్రీ,

రెండు ప్రశ్నలు పంపితే ఒకదానికే జవాబొచ్చింది. గమనించినానని మాత్రం చెప్తున్నా.

నువ్వు చెప్పినట్టే చేసినా. ఇరవై నాలుగో తేదీ సోమవారం క్లాసు తెగిపోయింది. వేరే సైట్లు కూడా తెరుచుకోలేదు. ఫోన్లో వైఫై గీతలు నాలుగుకు ఒకటి ఉంది, అదీ వచ్చిపోతూ ఉంది. లాప్‌టాప్ ఎత్తుకొని ముందు గదిలోకి, బాక్సు పక్కకి పరుగెత్తినా. అక్కడ మహారాజులాగా పనిచేసింది. అంటే లాప్‌టాప్ మంచిదే, కనెక్షన్ మంచిదే, సైటు మంచిదే. మరి చెడ్డదెవరు?

మాది నిలువుటిల్లు. ముందు గదిలో, టీవీ పక్కన చిన్న స్టూలు మీద బాక్సు ఉంది. తర్వాత నడిమిల్లు. ఆ వెనక నా గది. అక్కడ నేల మీద చాప, చాప మీద రాతబల్ల, దాని మీద లాప్‌టాప్. కుర్చీలో కూర్చొని పాఠం చెప్పడం నాకింకా రాలేదు. ఈ పలుచటి లాప్‌టాప్‌కి వైరు పెట్టే కంత లేదు. వెనక గదిలో ఫోన్ సిగ్నలు రాదు, కాబట్టి ఫోన్ నెట్టు కూడా దండగే.

ముందు గదిలో కూర్చుంటే పోలేదా అంటావు. కూర్చున్నా. ఇరవై ఆరో తేదీ భయపడి మొదటినుంచీ అక్కడే కూర్చున్నా. ఎదురుగా గంగయ్య మిషను. తలుపు వేస్తే ఉక్క, తీస్తే ఆ చప్పుడు. సరిగ్గా నాలుగున్నరకు, ఈస్టరు ముందు శ్రమల కాలం ప్రార్థనకని చర్చి ఆడవాళ్ళు పన్నెండుమంది మా అత్తమ్మ కోసం వచ్చినారు. నేను సంధులు చెప్తున్నా, వెనక కీర్తన మొదలైంది. మా అత్తమ్మ యేసుమణి గొంతు నీకు తెలీదు, మైకు అక్కర్లేదు. "మేడం, సవర్ణదీర్ఘ సంధికి రాగం కూడా పరీక్షలో ఇస్తారా" అని ఒక పిల్లోడు రాసినాడు. నాకూ నవ్వొచ్చింది. మేనేజరుకు రాలేదు. రెండో హెచ్చరిక వచ్చింది.

ఏప్రిల్ ముప్పైకి ఇంకా నెలరోజులు. ఒక్కోసారి ఇది పోతేనే మేలేమో అనిపిస్తుంది. పోతుందేమో అని ఎదురుచూసే పని ఉండదు కదా. మళ్ళీ ఆ అరవైమంది పేర్లు తెరమీద ఒక్కొక్కటే వెలుగుతుంటే ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేస్తుంది.

ఫెబీ


గిద్దలూరు,
3 ఏప్రిల్

ఫెబీ,

మంచి పని చేసినావు. సగం తేలిపోయింది. బాక్సు దగ్గర ఎప్పుడూ వస్తుంది, నీ గదిలో కొన్ని రోజులే వస్తుంది. అడ్డం ఉన్నదేదో ఆ రెంటి మధ్యలోనే ఉంది.

గోడలంటావేమో. గోడలు రోజూ అవే. సోమవారం మందంగా, బుధవారం పలుచగా ఉండవు. రోజూ మారేదేంది మీ ఇంట్లో? అది పట్టుకోవాలి. ఒక నోటుబుక్కు పెట్టు. క్లాసు ఉన్న రోజుల్లో నెట్టు ఎట్లుందో ఒక గీతకు ఇవతల, ఆ రోజూ ముందు రోజూ ఇంట్లో ఏం జరిగిందో అవతల రాయి. చుట్టాలొచ్చినారా, బీరువా జరిపినారా, గ్యాసుబండ వచ్చిందా, మీ అత్తమ్మకు కోపమొచ్చిందా, ఏదైనా సరే. ఇది అవసరమా అని నువ్వు ఆలోచించొద్దు. ఆలోచించి వదిలేస్తావు, నువ్వు వదిలేసిందే నాకు కావాల్సింది అయి ఉంటుంది.

పోతేనే మేలని ఇంకోసారి రాయొద్దు.

నీ రెండో ప్రశ్న నా బల్ల మీదే ఉంది. రిపేరుకొచ్చిన వస్తువుల మధ్యన పెట్టినా, రోజూ చూస్తున్నా. ఇప్పటికి అంతే చెప్పగలను.

గాయత్రి


మార్కాపురం,
17 ఏప్రిల్

గాయత్రీ,

నోటుబుక్కులోంచి ఎత్తి రాస్తున్నా. నువ్వు అడిగినావు కాబట్టి ఏదీ వదల్లేదు. చదివి నవ్వుకో.

ఆరు, ఆదివారం: చర్చికి పోయి వచ్చినాము. మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. అత్తమ్మ బంధువొకామె వచ్చి సాయంత్రం దాకా ఉండింది. ఏడు, సోమవారం: నెట్టు చెడ్డ. నాలుగుసార్లు తెగింది.

ఎనిమిది: గ్యాసుబండ. ఇల్లు కడిగినాము, బట్టలు ఉతికినాము. తొమ్మిది, బుధవారం: నెట్టు మంచి. ఒక్కసారీ తెగలేదు. అలంకారాలు మొదలుపెట్టినా.

పది: పొద్దున్నే ట్యాంకరు. వరప్రసాదానికి జలుబు. పదకొండు, శుక్రవారం: నెట్టు చెడ్డ. బొమ్మ తీసేసి గొంతుతోనే లాక్కొచ్చినా.

పన్నెండు, పదమూడు: విశేషం లేదు. మట్టల ఆదివారం. పద్నాలుగు, సోమవారం: మంచి. ఎండ మాత్రం చంపేసింది. నీళ్ళు అడుగంటినాయని అత్తమ్మ ఎవర్నీ కాళ్ళు కడగనివ్వలేదు.

పదిహేను: ట్యాంకరు. గంగయ్య మిషను రెండు రోజులు ఆగింది, అయినా మరుసటి రోజు చెడ్డే. పదహారు, బుధవారం: చాలా చెడ్డ. ఇరవై నిమిషాలు నేను లేను. తెరమీద నా బొమ్మ నోరు తెరిచి ఆగిపోయిందట, పిల్లలు ఫొటో తీసి గ్రూపులో పెట్టుకున్నారు.

మేనేజరు ఫోన్ చేసింది. మంచిగానే మాట్లాడింది, అదే భయమేసింది. మీ పాఠం మీద పిల్లలకు ఫిర్యాదు లేదండీ, పాఠం అందట్లేదనే ఫిర్యాదు అనింది. ముప్పై దాకా ఉన్న క్లాసులు ఒక్కటి తెగినా నేనేం చెయ్యలేనని చెప్పింది.

ఇంటి సంగతులు ఇవే. మారేది ఏముంది మా ఇంట్లో. అన్నట్టు ఒకటి మిగిలింది. మిషను వచ్చినప్పటి నుంచి పలకల పొడి ఎగిరొచ్చి దొడ్లో నీళ్ళ మీద తెట్టు కడుతుందని, అత్తమ్మ పట్టుబట్టి రెండొందల లీటర్ల నీలం డ్రమ్ములు ఆరూ నడిమింట్లోకి మార్పించింది. రాత్రీ పగలూ వాటిని తప్పుకొని నడవడమే సరిపోతోంది. అది ఫిబ్రవరిలో మాట. రోజూ ఉండేవే కదా, పుస్తకంలో రాయలేదు.

రేపు మంచి శుక్రవారం, క్లాసు లేదు. ఆ ఒక్క రోజైనా నిమ్మళం.

ఫెబీ


గిద్దలూరు,
21 ఏప్రిల్

ఫెబీ,

ట్యాంకరు.

నీ కాగితం మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి చూసినా. ట్యాంకరు వచ్చిన మరుసటి రోజల్లా చెడ్డ. డ్రమ్ములు అడుగంటిన రోజల్లా మంచి. ఆరు నీలం డ్రమ్ములు, ఒక్కోదాంట్లో రెండొందల లీటర్లు, నీ బాక్సుకూ నీ గదికీ సరిగ్గా మధ్యలో వరసగా నిలబడి ఉన్నాయి. వైఫైని గోడ కొంత ఆపుతుంది, నిండు నీళ్ళు ఇంకా గట్టిగా ఆపుతాయి. బాక్సేమో స్టూలు మీద, నువ్వేమో నేల మీద. ఒకటి ఆ పక్క, ఒకటి ఈ పక్క, రెండూ డ్రమ్ము ఎత్తుకు కిందే. నీళ్ళు వాడే కొద్దీ దారి దొరుకుతుంది. ఆ కుర్రాడు వచ్చిన రెండుసార్లూ అవి ఖాళీగా ఉండి ఉంటాయి. ఇక్కడ క్యాన్ల నీళ్ళమ్మే ఆమె ఆఫీసులో ఇట్లాంటిదే చూసినా, కాని నువ్వా డ్రమ్ముల పేరా రాయకుంటే నాకూ తట్టేది కాదు. రోజూ ఉండేవే అన్నావు చూడు. డ్రమ్ము రోజూ ఉండేదే. నీళ్ళు కాదు.

నా మాట నమ్మొద్దు, పరీక్ష చెయ్యి. ట్యాంకరు వచ్చేముందు నీ గదిలో గీతలు లెక్కపెట్టు, నింపినాక మళ్ళీ లెక్కపెట్టు. తర్వాత బాక్సును అటక మీదికి ఎక్కించు. నువ్వు కుర్చీ మీద కూర్చో. సిగ్నలు డ్రమ్ముల నెత్తిమీదుగా వస్తుంది. డ్రమ్ములు కదపమని మీ అత్తమ్మను అడగొద్దు, అడిగితే నెట్టే తీసేయిస్తుంది.

ఇక రెండోది.

ఆ రోజు నాకు తోడు మా పెదనాన్న పుల్లారావు వచ్చినాడు, గుర్తుందా? నన్నొక్కదాన్నే మీ పల్లెకు పంపనన్నాడు. మీ అమ్మ గ్లాసు తెచ్చి ఇచ్చింది. తీసుకున్నా. ఆయన చూసినాడంతే. నేను గ్లాసు పట్టుకొని చాలాసేపు తిరిగినా. తర్వాత ఎవరూ లేరనుకొని వేప మొక్క మొదట్లో పోసేసినా. నువ్వు చూసినావని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలీదు.

మీ వైపు బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉందని, కాళ్ళు వంకర్లు పోతాయని, అందుకే తాగలేదని నాకు నేను చెప్పుకున్నా. చాలా ఏళ్ళు అదే నమ్మినా. ఈ నెలంతా నీ ప్రశ్న ముందు పెట్టుకొని కూర్చుంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆ పొద్దున బేస్తవారిపేట బస్టాండులో దిగి నేను సోడా తాగినా. అది ఏ బోరు నీళ్ళో నేను అడగలేదు. కాబట్టి ఫ్లోరైడ్ కాదు ఫెబీ. కులం. రెండేళ్ళు నీ సీసా నీళ్ళు తాగినదాన్ని, మీ ఇంటి గ్లాసు దగ్గర ఆగిపోయినా.

పెదనాన్న లేకుంటే తాగేదాన్నా? తాగేదాన్ననే ఇన్నాళ్ళూ అనుకున్నా. ఆయన పోయినేడు చనిపోయినాడు, ఇప్పుడు అంతా ఆయన మీదికి నెట్టడం సులువు. కచ్చితంగా మాత్రం చెప్పలేను. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడమని నీకు చెప్పినా కదా. ఆ రోజును మళ్ళీ తెచ్చి, ఆయన్ను తీసేసి చూడ్డానికి లేదు.

మీ అమ్మ చూసిందా? అది మాత్రం చెప్పు. చూడలేదని అబద్ధం చెప్పొద్దు.

మే ఇరవై ఒకటిన మార్కాపురంలో నాకు పని ఉంది. మీ ఇంటికి రావచ్చా?

గాయత్రి


మార్కాపురం,
3 మే

గాయత్రీ,

ముందు మంచి కబురు. నీది నిజమే.

నీ ఉత్తరం ఇరవై మూడున అందింది. ఆ లోపలి రెండు క్లాసులూ అదృష్టం కొద్దీ తెగలేదు. మరుసటి రోజు పొద్దున ట్యాంకరు. రాకముందు నా గదిలో మూడు గీతలు. ఆరు డ్రమ్ములూ నిండినాక ఒకటి. వరప్రసాదం అయిదుసార్లు లోపలికీ బయటికీ తిరిగి లెక్కపెట్టి, నడిమింట్లో నిలబడి డ్రమ్ముల వంక చూసినాడు. "అనవసరంగా గంగయ్యను తిట్టినానే" అన్నాడు. ఆ సాయంత్రమే పోయి ఒప్పుకొని వచ్చినాడు. గంగయ్య నవ్వినాడట. అటక అంచు ఏటవాలుగా ఉందని చెప్తే, కోతలో మిగిలిన పలక రాయి ఒకటి సాపు చేసి ఇచ్చినాడు. బాక్సు ఇప్పుడు దాని మీద కూర్చుంది. రాళ్ళు తడిపి కోస్తే పొడి తగ్గుతుందని, అట్లే చేస్తానని కూడా అన్నాడట. చూడాలి.

అత్తమ్మను ఏమీ అడగొద్దన్నావు. అడక్కుండానే ఆమెకు తెలిసిపోయింది. "నీళ్ళు కదలవు. ఆ డబ్బాకు అంత అవసరమైతే అదే పైకెక్కుతుంది" అనింది. తన పెళ్ళినాటి ట్రంకు పెట్టె జరిపి, అటక మీద చోటు చూపించింది కూడా ఆమే.

ఇరవై ఐదు, తెగలేదు. ఇరవై ఎనిమిది, తెగలేదు. ముప్పైన పొద్దున్నే మళ్ళీ ట్యాంకరు. ఆరు డ్రమ్ములూ అంచు దాకా నిండి ఉన్నాయి. కుర్చీలో కూర్చొని, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, ఛందస్సు చెప్పినా. గంటన్నరలో ఒక్క పిల్ల కూడా "వినపడలేదు" అని రాయలేదు. నిన్న కాగితం వచ్చింది, ఏడాదికి. రెండుసార్లు చదివి వరప్రసాదానికి ఇచ్చినా, అత్తమ్మ అతని చేతిలోంచి తీసుకొని బైబిల్లో పెట్టింది.

ఇక నువ్వడిగింది. మా అమ్మ మేరీ చూసిందో లేదో నాకు తెలీదు. నిజంగానే తెలీదు. నాకు తెలిసింది రాస్తా. ఆ నీళ్ళు బోరువి కాదు. పెళ్ళికొచ్చే నా స్నేహితురాలి కోసమని పొద్దున్నే రెండు మైళ్ళు నడిచి మంచినీళ్ళ బావి నుంచి ఒక బిందె తెచ్చింది. సాయంత్రం వేప మొక్క దగ్గరున్న ఖాళీ గ్లాసు తీసి, కడిగి, బోర్లించి పెట్టింది. ఏమీ అనలేదు. చనిపోయేదాకా ఎప్పుడూ అనలేదు. "ఆ గిద్దలూరమ్మాయి బాగుందా" అని మాత్రం ఏడాదికొకసారైనా అడిగేది. చూసి అడిగిందో, చూడక అడిగిందో.

నీ జవాబు చదివినప్పుడు కోపం రాలేదు. వస్తుందనుకున్నా. ఫ్లోరైడ్ అని రాసి ఉంటే నేను నమ్మేదాన్ని, నమ్మి ఇంకో ఇరవై ఏళ్ళు అనుమానంతో ఉండేదాన్ని. నువ్వు సోడా సంగతి రాసినావు. అది రాయకపోతే నాకు తెలిసేదే కాదు. అందుకని ఆ పేరా మళ్ళీ మళ్ళీ చదివినా. క్షమించినానా అని నన్ను నేను అడిగితే జవాబు ఒక్కో రోజు ఒక్కో తీరుగా వస్తోంది. దీనికి నోటుబుక్కు పెట్టినా ఏ రోజు ఎందుకో తేలదనుకుంటా.

మే ఇరవై ఒకటిన రా. బుధవారం, నాలుగింటికి క్లాసు ఉంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్యి.

ఒక్కటి మాత్రం తేలడం లేదు. నువ్వు ఎండన పడి వస్తావు, గుమ్మంలో నీళ్ళివ్వాలి. నేను గ్లాసు అందిస్తే నువ్వు తాగుతావు, నాకు తెలుసు. గటగటా, అడుగు దాకా, నాకు కనిపించేట్టు తాగుతావు. నిన్ను అట్ల నిలబెట్టి చూడటం నాకు ఇష్టం లేదు. ఇవ్వకుండా ఉంటే మా అత్తమ్మ ఇస్తుంది, అదీ అంతే అవుతుంది. తాగే నీళ్ళ కుండ వంటింట్లో కిటికీ కింద ఉంది, గ్లాసు దాని మూత మీదే ఉంటుంది. హాస్టల్లో లాగా నువ్వే లోపలికి పోయి ముంచుకుంటావా? అట్ల ముంచుకొమ్మని నేను ముందే చెప్తే అదీ పరీక్షే కదా. ఇప్పుడు రాసేసినా, చెప్పినట్టే అయింది.

గ్లాసు అందించాలా, ఊరుకోవాలా. ఉత్తరం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆలోచిస్తున్నా. నాకింకా తెలీలేదు.

ఫెబీ